లిదియమ్మ మేడం, అరగంట సాఫ్ట్‌వేరు

ఎవరు ఏ గొప్ప మాట చెప్పినా లిదియమ్మ మేడం కాదనేవారు కాదు. దాన్ని టైపు చేయించి, కింద సంతకం పెట్టమనేవారు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆమెకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నేనక్కడ ఏడేళ్లు పాఠాలు చెప్పాను కాబట్టి ఆ కాగితాలన్నీ కొట్టింది నేనే. వారంలో మోకాళ్ల నొప్పులు మాయమని వచ్చిన నూనె అమ్మే ఆయన మూడో లైనుకొచ్చేసరికి "కొందరికి తగ్గవచ్చు" అన్నాడు. ఓట్లడగడానికొచ్చిన ఒకాయన మిషను చూసి, పోసిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

తొంభై ఎనిమిదిలో నెల్లూరు నుంచి సురేంద్రబాబు అనే ఆయన వ్యానులో కంప్యూటరు తెచ్చాడు. ప్రోగ్రాములు తయారుచేసే కొత్త సాఫ్ట్‌వేరట. లెక్కలు రాకపోయినా ఎవరైనా అరగంటలో ప్రోగ్రాము చేసెయ్యొచ్చట. నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమట. సోమశిల నుంచి రోజూ బస్సులో వచ్చే మా విద్యార్థిని ప్రేమలత, పది రోజుల్లో ఉన్న టైపు పరీక్ష మానేసి ఇందులో చేరతానంది.

మేడం ఆయనకు కుర్చీ చూపించారు. "చెప్పు నాయనా, అనురాధ కొడతాది."

కొట్టాను. "ఎవరైనా" కాస్తా "కొంత శిక్షణ ఉన్నవారు" అయింది. "అరగంట" పోయి "తగిన సమయం" వచ్చింది. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఆయన మంచినీళ్లు అడిగాడు.

సరే, మా హాజరుకు ఒక ప్రోగ్రాము చెయ్యి, రానివాళ్ల పేర్లు చూపిస్తే చాలన్నారు మేడం.

మూడు రోజులు చేశాడు. మూడో సాయంత్రం, నలభై రెండు మందీ రాలేదని తెర మీద పడింది. అందులో మేడం పేరూ ఉంది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"అయితే నేను ఇంటికి పోతా" అని గొడుగు తీసుకున్నారు.

ప్రేమలత వెళ్లి టైపు మిషను ముందు కూర్చుంది. తర్వాత పరీక్ష పాసయింది కూడా.

మర్నాడు వ్యాను ఎక్కబోతున్న సురేంద్రబాబును మేడం ఆపి, అసలు సంగతి అడిగారు. ఆ సాఫ్ట్‌వేరు తనకే ఎవరూ నేర్పలేదనీ, కంపెనీవాళ్లు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతికిచ్చి పంపారనీ, పదిమందిని చేర్చకపోతే తన పని పోతుందనీ చెప్పాడు.

మేడం పుస్తకం ఇమ్మన్నారు. అప్పట్నుంచి మధ్యాహ్నాలు క్లాసుల్లేని వేళ ఆమె డిక్షనరీ పెట్టుకుని అర్థం చెప్పడం, ఆయన మీటలు నొక్కడం. నెల తిరిగేసరికి ప్రోగ్రాము, రానివాళ్లను మాత్రమే రాలేదంది.

అప్పుడాయన చేత కొత్త నోటీసు రాయించారు: "ఏడాది కష్టపడితే చిన్న చిన్న ప్రోగ్రాములు చెయ్యగలరు."

"ఇట్లా రాస్తే ఎవురు చేరతారు మేడం?" అన్నాడాయన దిగులుగా.

మేడం దరఖాస్తు ఒకటి లాక్కుని పేరు రాశారు. వయసు దగ్గర యాభై ఏడు అని వేశారు.

"నేను చేరినాను. ఇంక తొమ్మిది మందిని చూడు."