ఎవరేం మాట్లాడాలో ముందే చెప్పిపెట్టిన చర్చ

ఆ రోజుల్లో బడికి పోవడమంటే చిన్నతనమని అందరూ అనుకునేవాళ్లు. నాకు ఆ చిన్నతనం నలభై దాటాక వచ్చింది. మెదక్‌లో మా వాడ ఆడవాళ్లం మధ్యాహ్నం పూట సంఘం గదిలో కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూనే అక్షరాలు నేర్చుకున్నాం. మొదటిసారి బస్సు బోర్డు సొంతంగా చదివిన రోజు నేను పెద్ద చదువరిననిపించింది. (అది నర్సాపూర్ బస్సు. నేను పోవాల్సింది ఏడుపాయలకు. చదివిన సంతోషంలో ఎక్కేశాను.)

మా పంతులమ్మ వారానికొకసారి ఏదైనా ముచ్చట మీద చర్చ పెట్టేది. ఒకసారి ఊరికి పోతూ ఆ పని నాకప్పగించింది. "ప్రశ్న మీరడుగుండ్రి అక్కా, జవాబు మాత్రం మీరు చెప్పకుండ్రి. ఎవ్వరు మాట్లాడకుంటే జర ఆగుండ్రి, వాళ్లే మాట్లాడుతరు" అంది. పది పాసైన ఆడపిల్లను కాలేజీకి పంపాలా వద్దా అన్న ప్రశ్నను నేనే ఎంచుకున్నాను. మాతోపాటే అక్షరాలు దిద్దే మా తోటికోడలు తన బిడ్డ చదువు మాన్పించాలని చూస్తోంది. పిల్ల సరిగా అన్నం కూడా తినడం లేదు. నేను చెబితే పెద్దకోడలి పెత్తనమంటుంది. పదిమంది చేత చెప్పిస్తే వింటుందని నా తెలివి.

తీరా ఎవరూ నోరు తెరవకపోతే పరువు పోతుందని భయం. అందుకే ముందురోజే ఇల్లిల్లూ తిరిగి ఎవరేం మాట్లాడాలో చెప్పి వచ్చాను. పెళ్లి పిలుపులకు పోయినట్టు బొట్టు పెట్టడమొక్కటే తక్కువ. తోటికోడలికి కూడా 'అందరూ ఏమంటే నువ్వూ అదే అను' అని చెప్పాను. చర్చ అన్నాక ఎదురు చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలని ఎదురింటి వదినకు 'వద్దు' అనే పని ఇచ్చాను. "నాకు బిడ్డనే లేదాయె, నేనెందుకు వద్దని చెడ్డదాన్నైత?" అని ఆమె అలిగింది.

చర్చ దివ్యంగా సాగింది. నేను అడగ్గానే, ఎక్కాలు ఒప్పజెప్పినట్టు "పంపాలె", "పంపాలె" అని వరసగా అన్నారు. వదిన మూతి ముడుచుకుని "వద్దు" అంది. తోటికోడలి వంతు వచ్చేసరికి ఆమె చేతిలో బీడీ ఆగింది. "అక్కా, నువ్వు చెప్పుమన్నది చెప్పాల్నా, నా మనసులున్నది చెప్పాల్నా?"

గదంతా గొల్లున నవ్వింది. "నాకు గూడ నేర్పింది!" "మా ఇంట్ల చాయ్ తాగి మరీ నేర్పిపోయింది!" నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నవ్వులు సద్దుమణిగాక "నీ మనసులదే చెప్పు" అన్నాను. ఆమె ఆగిన బీడీని నిదానంగా చుట్టి, దారం కట్టి చాటలో వేసింది. వేరే దారి లేక నేను ఆగాను.

"అది ఫోన్ల ఏందో చదువుకుంట నవ్వుతది. ఏందే అంటే, నీకు తెల్వదు తియ్ అమ్మా అంటది. ఇంకా చదివితే నాతోని మాట్లాడుతదా అక్కా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. చెప్పాల్సిన జవాబులన్నీ నా నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను. చివరికి అలిగిన వదినే అడిగింది: "ఈ మాట నీ బిడ్డకు చెప్పినవా?" తోటికోడలు తల అడ్డంగా ఊపింది. ఇక అక్కణ్నుంచి ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. ఎవరి పిల్లలు ఏమంటారో, తల్లులు ఏం విని ఊరుకుంటారో అన్నీ బయటికొచ్చాయి. ముందురోజు నేర్చుకున్న 'పంపాలె' మరిచి ఇద్దరు ముగ్గురు నిజంగానే వద్దన్నారు. నన్నెవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం తల్లీబిడ్డలు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. కాలేజీ తెరిచిన రోజు ఇద్దరూ ఆటోలో పోతుంటే చూశాను. పిల్ల ఫోన్‌లో ఏదో చదివి వినిపిస్తోంది, తల్లి పగలబడి నవ్వుతోంది. తర్వాత ఏందని అడిగితే నాకు చెప్పలేదు.

ఇప్పుడు సంఘంలో చర్చలు నేనే నడుపుతున్నాను. అడిగి ఊరుకోవడం మాత్రం ఇప్పటికీ కష్టమే. జవాబు గొంతుదాకా వచ్చినప్పుడల్లా లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడతాను. "అక్క కిటికీకాడికి పోయింది, ఇగ మాట్లాడుండ్రి" అని వెనక నవ్వుకుంటారు. నేనూ అటు తిరిగే నవ్వుకుంటాను.