కనెక్షన్ పోయిందన్న శుక్రవారం

మా ఇంటి ఫోనుకి ఉన్న కాల్ వెయిటింగ్‌ని తీసేసింది నేనే. ఈ మాట అమ్మకి తెలియదు, నాన్నగారికి తెలియదు, అన్నయ్యకీ తెలియదు. డైరీలో కూడా "ఫోను పని అయింది" అని మాత్రమే రాసుకున్నాను, ఎవరైనా తెరిచి చూస్తారేమోనన్న భయంతో.

దెయ్యాల కబుర్లు మొదలైతే పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లిపోయే మనిషిని నేను. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించిందని వీధిలో చెప్పుకుంటుంటే ఎలుకలయ్యుంటాయని మనసులో అనుకునేదాన్ని. పైకి అనే ధైర్యం లేదు, అంతే. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు. అందుకే నమ్మండని ఎవరినీ అడగడం లేదు. జరిగింది జరిగినట్టు, టైములతో సహా రాస్తున్నాను.

మాది బండారులంక. ఇంటర్నెట్ ఇంకా ఫోను తీగలోంచే వచ్చే రోజులవి. నేను ఇంట్లోనే ఉండి ప్రైవేటుగా బి.ఏ. చదువుతున్నాను. అన్నయ్య కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతూ, తన పాత కంప్యూటర్‌ని నాకు వదిలి వెళ్లాడు. అందులో విమానం నడిపే ఆట ఒకటి ఉండేది. ఇంటర్నెట్ పెట్టుకుంటే ఎక్కడెక్కడివాళ్లో ఒకే ఆకాశంలోకి వచ్చి, ఎవరి విమానం వాళ్లు నడుపుకుంటూ, కింద చిన్న గీతలో టైపు చేసి మాట్లాడుకునేవారు.

అప్పటికి నేను విమానం కాదు కదా, రైలు కూడా రెండుసార్లే ఎక్కాను. కొత్తవాళ్ల ముందు నా గొంతు పెగలదు. కానీ అక్కడ అన్నయ్య పేరుతో ఉండేదాన్ని కాబట్టి భయం ఉండేది కాదు. రాజమండ్రిలో లేచి విశాఖపట్నంలో దిగడం నా రోజువారీ ప్రయాణం. ఆటలో గోదావరి అంటే ఒక నీలం పట్టీ. కోనసీమ ఉండాల్సిన చోట ఖాళీ ఆకుపచ్చ. మా ఇల్లు ఇక్కడ ఉంటుందని ఊహించుకుని దాని మీద నుంచి ఒక చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

అంతా బాగానే ఉండేది, ఆ పెట్టె రాకపోతే.

బూడిదరంగు పెట్టె, దానిలో పసుపు త్రికోణం, "కనెక్షన్ పోయింది" అని ఇంగ్లీషులో ఒక వాక్యం. టంగుమని శబ్దం చేసి సరిగ్గా తెర మధ్యలో, రన్‌వే కనిపించాల్సిన చోట, వచ్చి కూర్చునేది. కింద ఒకటే బటన్. ఒప్పుకోవడం తప్ప ఇంకో దారి ఉండదు. ఒప్పుకోగానే విమానం మాయమై ఆట మొదటికి వచ్చేది. నలభై నిమిషాలు పడ్డ కష్టం పోయేది. కొన్నిరోజులు రెండుసార్లు, కొన్నిరోజులు ఆరుసార్లు. ఏ టైముకి వచ్చింది, అప్పుడు ఎంత ఎత్తులో ఉన్నాను అన్నది డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను. కోపం తీర్చుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"ఏమే, విశాఖపట్నం ఇంకా దొరకలేదా? బస్సెక్కి వెళ్లిపో, తొందరగా వెళ్తావు," అని అన్నయ్య వచ్చినప్పుడల్లా ఏడిపించేవాడు.

ఒకరోజు లైన్‌మన్ గారు పక్కింటి ఫోను బాగుచెయ్యడానికి వస్తే, ధైర్యం చేసి అడిగాను. ఆయన నవ్వేశారు.

"మీకు కాల్ వెయిటింగ్ ఉంది కదమ్మా. మీరు ఇంటర్నెట్టులో ఉండగా ఎవరన్నా ఫోన్ చేసేరనుకోండి, మీ లైన్లో టిక్కుమని సౌండొస్తాది. దానికి ఇంటర్నెట్టు కట్టయిపోద్ది. అదండీ సంగతి. తీసేస్తే ఇంక గొడవే ఉండదు. చేసేవోళ్లకి ఎంగేజొస్తాది, అంతే."

ఏ నంబరు తిప్పితే తీసేయవచ్చో కూడా ఆయనే చెప్పారు.

కాల్ వెయిటింగ్ మాకు ఎందుకుందో నాకు తెలుసు. మా వీధిలో ఫోను ఉన్న ఇళ్లు తక్కువ. గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు మా నంబరే పి.పి. నంబరుగా రాసుకుని వెళ్లేవారు. అక్కడినుంచి ఫోన్ చేసి "ఫలానా వాళ్లని పిలవండి" అంటే, అమ్మ గోడ దగ్గరకి వెళ్లి కేకేసేది. ఒక్క ఫోను కూడా పోకూడదని నాన్నగారు అది పెట్టించారు. అన్నీ తెలిసే, ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుండగా ఆ నంబరు తిప్పాను. రద్దయిందని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది.

తర్వాత రెండు వారాలు ఆ పెట్టె ఒక్కసారి కూడా రాలేదు. డైరీలో ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి.

మా పెరటి వైపు వాటాలో నాగమణి గారని ఒకావిడ అద్దెకుండేవారు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చారు. భర్త సూరిబాబుది ఒమన్‌లో చేపల బోటు మీద పని. బోటు రేవులో ఉంటే శుక్రవారం మూడు దాటాక మా ఇంటికి ఫోన్ చేసేవాడు. ఆ రోజున ఆవిడ రెండింటికే రాట్నం తెచ్చుకుని మా అరుగు మీద కూర్చుని, మగ్గాలవాళ్లకి నూలు కండెలు చుడుతూ ఎదురుచూసేవారు. అందుకే శుక్రవారాలు నేను మూడింటికి ముందే ఆట ఆపేసి ఫోను వదిలేదాన్ని. అది నాకు నేను పెట్టుకున్న నియమం.

ఒక శుక్రవారం ఫోన్లో వాళ్లిద్దరికీ గొడవైంది. అతను ఇంకో ఏడాది ఉండిపోతానన్నాడు. ఆవిడ గొంతు వీధి చివరికి వినిపించింది.

"ఇంకో ఏడాదా? నేనేమన్నా కండెనా, చుట్టి పక్కన పడేసుకోడానికి! ఆ చేపల్తోనే కాపరం చెయ్యి. ఇంక నాకు ఫోన్ చెయ్యకు," అని పెట్టేశారు. పెట్టేసి, మా అమ్మ వైపు తిరిగి నవ్వారు. "చేస్తాడండీ, ఎక్కడికి పోతాడు. శుక్రవారం మళ్లీ చేస్తాడు."

ఆ మరుసటి శుక్రవారం సంగతి ఇది.

ఆవిడ రెండింటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను గది తలుపు దగ్గరగా వేసి ఆట పెట్టాను. ఆ రోజు ఐదుగురం కలిసి విశాఖపట్నం వెళ్తున్నాం. అందరికంటే ముందు నేను దిగాలని నిర్ణయమైంది. నాకు అలాంటి అవకాశం రావడం అదే మొదటిసారి.

రెండూ ఇరవైకి టంగుమంది. పెట్టె వచ్చింది.

నా ప్రాణం ఉసూరుమంది. అంతా పోయిందనుకుంటూ బటన్ నొక్కాను. పెట్టె పోయింది. విమానం మాత్రం పోలేదు. ఎత్తు, వేగం, ఇంజను శబ్దం అన్నీ అలాగే ఉన్నాయి. ఎడమవైపు మిగతావాళ్ల విమానాలు కనిపిస్తూనే ఉన్నాయి. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. నా లైను పోయిందా అని టైపు చేసి అడిగాను. "లేదు, నువ్వు మాకు కనిపిస్తూనే ఉన్నావు," అని ఒకతను రాశాడు.

రెండూ ముప్ఫై అయిదుకి మళ్లీ వచ్చింది. నొక్కాను, పోయింది, విమానం ఎగురుతూనే ఉంది. విసుగొచ్చి డైరీ పక్కన పెట్టుకుని టైములు రాశాను. ఎందుకో లేచి వెళ్లి ఫోను ఒకసారి చూడాలనిపించింది. కానీ సముద్రం తెల్లగా కనిపిస్తోంది, రన్‌వే దగ్గరపడుతోంది.

రెండూ యాభైకి మూడోసారి వచ్చింది. సరిగ్గా రన్‌వే మీద కూర్చుంది. దాన్ని నొక్కేలోపు బయట రాట్నం ఆగిన చప్పుడు వినిపించింది. నాగమణి గారు లేచి వచ్చి నా గది తలుపు కొద్దిగా తోశారు. ఆవిడ ఎప్పుడూ అడక్కుండా లోపలికి వచ్చే మనిషి కాదు.

"పాపగారూ, ఫోన్ మోగిందాండీ?"

నా మొహం చూడకుండా తెర వైపు చూస్తున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆ పెట్టె ఏమిటో తెలిసే అవకాశం లేదు.

"లేదండీ," అన్నాను.

"ఆయ్. మోగినట్టనిపించిందండీ. చెవులు కూడా పాడైపోతున్నాయి నాకు," అని నవ్వి వెళ్లిపోయారు.

ఫోను మోగడానికి వీల్లేదు. లైన్లో ఇంటర్నెట్ ఉంది. ఎవరైనా చేస్తే చేసినవాళ్లకి ఎంగేజ్ వస్తుంది, మా ఇంట్లో ఏ చప్పుడూ రాదు. అది నాకు అందరికంటే బాగా తెలుసు.

పెట్టె నొక్కేసి రన్‌వే మీద దిగాను. అందరూ అభినందనలు రాశారు. మూడింటికి వైరు తీసి ఫోనుకి పెట్టేశాను. నాగమణి గారు ఐదున్నర దాకా కూర్చున్నారు. ఫోను రాలేదు. "లైను బాగోలేదేమోనండీ," అన్నాను. అప్పటికి అది అబద్ధమని నాకు కూడా తెలియదు. "లైను బాగానే ఉంటాదండి, మనిషే బాగోలేడు," అని ఆవిడ రాట్నం ఎత్తుకుని వెళ్లిపోయారు.

తొమ్మిదో రోజున ఒమన్ నుంచి ఫోన్ వచ్చింది. అతనితో ఒకే గదిలో ఉండే స్నేహితుడు చేశాడు. శుక్రవారం వెళ్లిన బోటు తిరిగి రాలేదు. ఆ రోజు మా హాల్లో ఏం జరిగిందో రాయలేను.

రెండు నెలల తర్వాత ఒక పెద్ద కవరు వచ్చింది. అన్నీ ఇంగ్లీషు కాగితాలు. నాగమణి గారు దాన్ని నా దగ్గరకి తెచ్చి, "మీరు చదివి చెప్పండి పాపగారూ. ఒక్క ముక్క కూడా వదలకండి," అని నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఒక్కొక్క కాగితమూ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. నాలుగోది ఆ స్నేహితుడు అక్కడ అధికారులకి ఇచ్చిన వాంగ్మూలం. దానిలో ఒక పేరా ఇలా ఉంది:

ఆ రోజు బోటు ముందుగా బయల్దేరుతోందని తెలిసి, సూరిబాబు నా మొబైల్ తీసుకుని ఇంటికి ఫోన్ చేశాడు. ఫోన్లో ఉన్న ప్రకారం పన్నెండూ యాభైకి, ఒంటిగంటా అయిదుకి, ఒంటిగంటా ఇరవైకి. మూడుసార్లూ ఎంగేజ్ వచ్చింది. "పోయినవారం మా ఆవిడతో గొడవపడ్డాను, వచ్చేస్తున్నానని దానికి చెప్పాలి," అన్నాడు. ఒకటిన్నరకి బోటు కదిలింది.

అక్కడికీ మనకీ గంటన్నర తేడా. లెక్క నా తలలో దానంతట అదే జరిగిపోయింది.

ఆ పేరా నేను చదవలేదు. నోరు తెరిచాను. ఎంగేజ్ ఎందుకొచ్చిందని అడుగుతారు, నాన్నగారిని పిలుస్తారు, లైన్‌మన్ గారిని పిలుస్తారు అన్నది ఒక్కటే తోచింది. కింద పేరాలోకి దూకాను. బోటు రంగు, ఎంతమంది ఉన్నారు, గాలి ఎలా ఉంది, అన్నీ చెప్పాను. ఆవిడ ప్రతి వాక్యానికీ "ఆయ్" అంటూ విన్నారు.

సాయంత్రం డైరీ తీసి చూశాను. రెండూ ఇరవై, రెండూ ముప్ఫై అయిదు, రెండూ యాభై. నా చేతిరాతే. జరిగిన రోజునే రాసింది, తర్వాత దిద్దింది కాదు.

అన్నయ్యని వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. కనెక్షన్ పోకుండా ఆ పెట్టె రావడం కుదరదని, వస్తే ఆట మొదటికి వెళ్లి తీరాలని అన్నాడు. ఒకసారైతే ఏదో తేడా అనుకోవచ్చు, మూడుసార్లు ఏమిటి, కలగన్నావా అన్నాడు. లైన్‌మన్ గారిని కూడా అడిగాను. కాల్ వెయిటింగ్ తీసేశాక బయటివాళ్లు చేసే ఫోను మన లైన్లోకి ఏ రూపంలోనూ రాదన్నారు. ఆయన చూసి మరీ చెప్పారు, మా నంబరుకి అది లేదు. ఆ ఇరవై, ముప్ఫై అయిదు, యాభై కాకతాళీయమని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ ఆవిడ రాట్నం ఆపి ఎందుకు లేచారో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆట మళ్లీ ఎప్పుడూ తెరవలేదు.

ఆవిడతో చెప్పాలని రోజూ అనుకున్నాను. కాగితం వాళ్ల ట్రంకు పెట్టెలో ఉంది, చదవగలిగేది నేనొక్కదాన్నే. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అని డైరీలో పదకొండుసార్లు రాశాను.

పన్నెండో రోజున ఆవిడ అన్నయ్య ఆటో తీసుకుని వచ్చాడు. సామాను ఎక్కించాక ఆవిడ అమ్మతో మాట్లాడి, నా దగ్గరకి వచ్చారు. నా చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగారు. ఆవిడ ఎక్కడున్నారో ఇప్పుడు మాకెవరికీ తెలియదు. నాతో ఆవిడ అన్న చివరి మాట అదే. నేను జవాబు చెప్పేలోపు ఆటో అతను తొందరపెట్టాడని రాయాలని ఉంది. కానీ తొందరపెట్టలేదు. ఆవిడ చాలాసేపు నిలబడ్డారు.

"ఆవేళ ఫోన్ చెయ్యలేదంటే, నామీద కోపం పోకుండానే వెళ్లిపోయేడన్న మాటే కదండీ?"