కొంగు మింగిన ఆట

2009 చలికాలం. ధర్మవరంలో మగ్గాల వీధుల నడుమ నాకు కంప్యూటర్లు రిపేరు చేసే అంగడి ఉండె. అప్పటికే పట్టుచీరల డిజైన్లు గ్రాఫ్ పేపర్ మీంచి కంప్యూటర్లోకి వచ్చేసినాయి. స్క్రీన్ మీద గడులు గీసి, వాటికి రంగులు నింపి, ఆ లెక్కన అట్టలకు బెజ్జాలు కొట్టిస్తారు. ఆ అట్టలు మగ్గం పైనుండే జకార్డు పెట్టెకు తగిలిస్తే చీర మీద నెమలి దిగుతాది. అందుకే నా దగ్గరికి రిపేరుకొచ్చే డబ్బాల్లో సగం నేతగాళ్ల ఇండ్లవే.

ఆ చలికాలంలోనే ఒక మిలిటరీ ఆటకు రెండో భాగం వచ్చింది. మొదటిది ఆడినోళ్లంతా దానికోసం కండ్లు కాయలు కాసేట్టు చూస్తాండ్రి. బెంగళూరు నుంచి డీవీడీ వచ్చిన దినం నా అంగట్లో కాలు పెట్టే సందు లేదు. నేనూ ఆడినా, అబద్ధమెందుకు. మంచుకొండ ఎక్కుతాంటే పక్కన కెప్టెన్ చెవిలో మాట్లాడతాంటాడు. ఇట్ల రా, వాన్ని కాల్చు, వంగు అంటాడు. చెప్పింది చేస్తే మెచ్చుకుంటాడు. చచ్చిపోయినా దిగులు లేదు, కొంచెం ఎనకనుంచి మల్లా లేస్తాం. లేచే ఆ చోటును చెక్‌పాయింట్ అంటారు.

ఆ గుంపులో ఓబులేసు ఒకడు. మా ఎనక వీధిలో నేతగాడు, పెండ్లాం పిల్లలున్నోడు. ఈ ఆట మొదటిదానికంటే చాలా జాగా తింటాదప్పా, డిస్కులో ఉండాదా అని అడిగితే, చేసుకుంటాలేన్నా అని డీవీడీ తీస్కోని ఎల్లిపోయినాడు.

మర్నాడు పొద్దున ఆయప్ప పెండ్లాం సుజాత సీపీయూ డబ్బాను పాత చీరలో చుట్టి, చంకనెత్తుకొని వచ్చింది. ఆయమ్మది పెనుకొండ. పెండ్లయినాక డిజైన్ నేర్చుకుని, మగ్గం పని ముగించుకుని కంప్యూటర్లో కొంగులు గీస్తాండె. ఆ సారి ఒక సావుకారి, కొత్త కొంగు గీసి చూపించు, నచ్చితే ఇంక నువ్వు మగ్గం మీద కూచునే పని లేదు, నాకు డిజైన్లే గీయొచ్చు అన్నాడంట. గుంత మగ్గంలో కాళ్లు ఏలాడేసి కూచుని కూచుని ఆయమ్మ మోకాళ్లు అరిగిపోయినాయి. ఆ గుంతలోంచి బయటపడాలని నెలల తరబడి గీసిన కొంగు అది. రేపు తీస్కపోయి చూపించల్ల. ఇప్పుడు ఫైలు లేదు.

ఎనకాలే ఓబులేసు తల వంచుకోని వచ్చినాడు. ఆట పెట్టేదానికి జాగా చాలక 'కొంగు' అనే ఫోల్డర్ మొత్తం తీసేసినాడంట.

"అట్టలు కొట్టిచ్చినాక గ్రాఫ్ పేపర్ ఏం జేస్తామన్నా, శనక్కాయల అంగడికి పొట్లాలకిస్తాం. ఇదీ అంతే అనుకుంటి," అన్నాడు.

మా ఊళ్లో అది నిజమే. అట్ట పడినాక కాయితం చిత్తే. కానీ ఇంకా అట్ట పడని కొంగు కూడా ఆ ఫోల్డర్లోనే ఉండె. ఆ సంగతి పెండ్లాన్ని ఒక్క మాట అడిగుంటే తెలిసేది.

తీసేసిన ఫైలు ఎంటనే పోదు. ఇంటి ముందర పేరు పలక పీకేసినట్ల, లోపల సామాన్లు అట్లే ఉంటాయి. ఇంకొకరొచ్చి కాపురం పెడితేనే పోతాయి. దాన్ని మేము ఓవర్‌రైట్ అంటాం. ఓబులేసు ఆట ఆ ఇంట్లోనే కాపురం పెట్టేసింది. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏసి, ఆయమ్మను స్టూలు మీద కూచోబెట్టి, మధ్యాన్నం దాకా తంటాలు పడితి. పాత కొంగులు కొన్ని వచ్చినాయి. కొత్తదాంట్లో పైన నెమిళ్ల తలకాయలు మాత్రం వచ్చి, కింద అంతా బూడిద రంగు. సుజాత ఆ తలకాయలనే చూస్తా కూచునింది.

ఓబులేసు నా చెవి దగ్గరికొచ్చి మెల్లిగా అడిగినాడు.

"అన్నా, నేను ఆడిన కాడికి సేవ్ అయ్యుంటాది. అది పోదు కదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీకు బుద్ధుండాదా అని అరిస్తి. ఆయప్ప ఎదురు తిరగలేదు. అదే సన్న గొంతుతో, "దాంట్లో ఒకడు నన్ను బాగా చేసినావంటాడన్నా. ఇన్నేండ్లు మగ్గం మీద కూచున్నా, ఎవరన్నారు?" అన్నాడు.

సుజాత స్క్రీన్ మీంచి కండ్లు తిప్పకుండానే అనింది: "నువ్వన్నా అంటివా, నన్ను?"

ఆట పీకేద్దునామ్మా అని అడిగితి. ఉండనీన్నా, పీకేస్తే నా కొంగొస్తాదా అని డబ్బాను మల్లా చీరలో చుట్టుకునింది.

సావుకారి ఆగలేదు, ఇంకొకరి కొంగు తీసుకున్నాడు. ఆ కంప్యూటర్ సుజాత చీటీ పాడి కొనుక్కున్నదని నాకు తర్వాత తెలిసింది. నేను మాత్రం అన్నేండ్లూ రసీదు ఓబులేసు పేరుతోనే రాస్తాంటి. అప్పుట్నుంచి ఎవరు డబ్బా తెచ్చినా, దీంట్లో పని చేసేది ఎవరు అని ముందు అడుగుతా. నేనే అని ఏ మగోడన్నా నమ్మను, ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసియ్యి అంటా. కొందరికి కోపమొస్తాది. రానీ.

ఆ ఇంకొకరి కొంగు అట్టలే తిరిగి తిరిగి సుజాత మగ్గానికి వచ్చినాయి. గుంతలో కూచుని ఆయమ్మే నేసింది. చీర సావుకారికి ఇచ్చొచ్చింది ఓబులేసు. వచ్చేటప్పుడు మా అంగడి కాడ నిలబడి, నవ్వుకుంటా చెప్పినాడు.

"సావుకారి మెచ్చుకున్నాడన్నా. బాగా చేసినావు ఓబులేసూ అన్నాడు."