గోడ పక్క కారు

రైలుపట్టాల అవతల ఇంటింటికీ చవకగా ఇంటర్నెట్టు వచ్చింది. ఇవతల, నల్లవాళ్ల వీధుల్లో, తీగ వేస్తే గిట్టుబాటు కాదన్నారు కంపెనీవాళ్లు. అందుకే వెర్లీన్ రోజూ తన పాత కారును గ్రంథాలయం వైఫై బయటికి అందే గోడ పక్కన ఆపుకుంటుంది. అద్దం దించి, ఫోను ఎత్తి పట్టుకుని, వానచినుకు కోసం చూసినట్టు మెడ సాచి కూర్చుంటుంది. డాక్టరు మాటయినా, మనవరాలి ముఖమయినా ఆ గోడ దాటే రావాలి.

ఈ శనివారం తెల్లబట్టలు, తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చింది. "పెళ్లికూతురిలా ఉన్నావే వెర్లీనూ! గోడతో మనువా?" అన్నాడు గ్రంథాలయం కాపలాదారు లూథర్. "చెల్లెల్ని సాగనంపుతున్నాం అన్నా, షికాగోలో. బస్సెక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోలేదు." లూథర్ టోపీ తీసేశాడు. ఫోనులో చర్చి, పూలు, చెల్లెలు ఒనీడా శవపేటిక. పాస్టరు తన పేరు పిలవగానే వెర్లీన్ నిటారుగా కూర్చుని, ఒకే దుప్పటి కింద ఇద్దరూ గడిపిన చలికాలాల గురించి చెప్పింది. చెల్లెల్ని నిద్రపుచ్చిన పాట సన్నగా పాడింది. తెర మీద జనం కదలక మెదలక విన్నారు. ఒక్కరూ ఆమెన్ అనలేదు. వాళ్ల చర్చిల్లో అలా ఎప్పుడూ జరగదు. అందరూ దుఃఖంలో మునిగిపోయారేమో అనుకుంది.

కాసేపటికి ఒనీడా కొడుకు కెల్విన్ ఫోన్ చేశాడు. "ఎక్కడికి పోయావు పెద్దమ్మా? నువ్వు మొదలెట్టగానే నీ బొమ్మ ఆగిపోయింది, ఒక్క మాటా వినపడలేదు. చూసి చూసి, అమ్మ పెట్టె మూసేశారు."

"అంతా చెప్పాన్రా నాన్నా."

"ఏం చెప్పావు?"

వెర్లీన్ నోరు తెరిచింది. కానీ ఆ మాటలు వాడికి చెప్పేవి కావు, చెల్లెలికి చెప్పినవి.