రాణిగారు అనని మాటలు

పక్కింటి ఆంటీ నిద్రలోనే పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. మేముండే ఊరు కమ్మింగ్‌లో మా వీధి పిల్లలందరికీ ఆవిడ క్వీన్ అమ్మమ్మ.

చాలా ఏళ్లు లండన్‌లో ఉండి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఏ మాటైనా "మా బ్రిటన్ రాణిగారు ఏమనేవారంటే" అంటూ మొదలుపెట్టేవారు. నా కూర మాడితే, "రాణిగారైతే దీన్ని వేపుడని ప్రకటించేవారు" అన్నారు. ఉండబట్టలేక ఒకసారి అడిగాను, "ఇవన్నీ ఆవిడ నిజంగా అన్నవేనా ఆంటీ?"

"అనకపోతే నష్టం ఆవిడదే."

పోయినేడు ఏప్రిల్లో ఒక సాయంత్రం ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. టోర్నడో వార్నింగ్, సుడిగాలి వస్తోందని. మావారు ఆఫీస్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నారు. ఆంటీ వాళ్లబ్బాయి ఊళ్లో లేడు, వాళ్లింటికి తలదాచుకోవడానికి నేలకింద బేస్‌మెంట్ లేదు. మా పాపని చంకనేసుకుని పరిగెత్తి వెళ్లి తలుపు బాదాను.

"త్వరగా రండి ఆంటీ!"

"స్టవ్ కట్టేయనీ అమ్మా. రాణిగారైనా పాలు పొంగుతుంటే వదిలేసి పారిపోరు."

మా బేస్‌మెంట్‌లోకి దిగేసరికి కరెంటు పోయింది. మావారి ఫోన్ కలవడం లేదు. పైకప్పును ఎవరో పీకుతున్నట్టు మోత. పాప నా ఒళ్లో మొహం దాచుకుని, "డాడీ ఎక్కడ?" అంటోంది. నేను మళ్లీ ఫోన్ నొక్కాను.

ఆంటీయే అందుకున్నారు. "ఇలాంటి గాలే ఒకసారి రాణిగారి ప్యాలెస్‌కి వచ్చిందట. 'అపాయింట్‌మెంట్ ఉందా?' అని అడిగారట. లేదంది. 'అయితే గేటు దగ్గరే ఉండు' అన్నారట."

పాప తలెత్తింది. "అప్పుడు గాలి ఏం చేసింది?"

"సిగ్గుపడి వెళ్లిపోయింది."

పాప నవ్వింది. చీకట్లో ఆంటీ మాత్రం నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుని ఉన్నారు. గొంతులో ఏ తేడా లేదు. ఆవిడకీ భయం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మోత తగ్గాక బయటికి వచ్చాం. మా ఇల్లు నిలిచింది. ఆంటీ పడగ్గది మీద ఓక్ చెట్టు కూలి, కప్పంతా మంచం మీదకి దిగిపోయింది.

ఇంతలో వీధి చివర మావారు కనిపించారు. దారికి చెట్లు అడ్డం పడితే కారు వదిలేసి నడిచి వచ్చారట, తడిసి ముద్దయి ఉన్నారు. పాప ఒక్క ఉరుకు ఉరికింది. నేను ఆంటీ పక్కనే ఉండిపోయాను.

ఆంటీ నా వీపు తట్టారు. "వెళ్లమ్మా. ఇలాంటప్పుడు రాణిగారైనా పరిగెత్తుతారు."

పరిగెత్తాను. మావారి భుజం మీంచి వెనక్కి చూస్తే, ఆవిడ కొంగు తలమీద కప్పుకుని, వానలో, విరిగిన కొమ్మల మధ్య ఒక్కరే నిలబడి ఆ చెట్టునే చూస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి. దానితో ఏమంటున్నారో నాకు వినిపించలేదు.