బతికున్నోనికి చేసిన దినాలు

మా ఇంటాయన మిల్ట్రీల లడాయి విమానం నడిపెటోడు. ఇప్పుడు ఎనభై దాటినయి. నిజామాబాద్‌ల మా ఇంటికి ఎవలొచ్చినా, చాయ్ చేతికియ్యకముందే మొదలువెడ్తడు. విమానం అంటుకున్నదట, పారాచూట్‌తోని సముద్రంల దుంకిండట, రెండు దినాలు రబ్బరు పడవల పన్నడట, చేపలు పట్టెటోల్లు సూసి తీసిండ్రట. అన్నీ నిజమే. గని ఆ కథల ఒక్క అబద్ధమున్నది. అది నాది.

అప్పుడు నేను బోధన్ కాడ అత్తగారింట్ల ఉన్న. విమానం సముద్రంల పడ్డది, మనిషి దొరుకుతలేడని టెలిగ్రాం వచ్చింది. దొరుకుతలేడంటే సచ్చినట్టా? గని మావోల్లది కాలువ లెక్క. నిజాంసాగర్ కాలువల ఎవలన్న పడితే ఈదుకుంట ఒడ్డెక్కుతరు, లేకుంటే మూడో దినం తూముకాడ తేలుతరు. మూడు దినాలు సూసిండ్రు. "సముద్రానికి తూమేడిది బిడ్డా, పీనుగ గూడ దొర్కది" అని మామ ఏడ్సుకుంటనే అయ్యగారిని పిలిపిచ్చిండు. గడ్డిబొమ్మ చేసి, ఆయన అంగి తొడిగి, చెరుకు చేను గెట్టు మీద కాలవెట్టిండ్రు.

నన్ను కిటికి లేని అర్రల కూసోవెట్టి తలుపు దగ్గరికేసిండ్రు. గడపల అత్త కావలి. "ఆయన బతికే ఉన్నడు, నా గాజులు ముట్టుండ్రి సూస్త!" అని గొంతు పోయేదాక ఒర్రిన. "పాపం, పానం ఒప్పుకుంటలేదు" అని కండ్లు తుడుసుకుండ్రు. తిడితే తిట్టొచ్చు. జాలి పడెటోల్లతోని ఎట్ల కొట్లాడాలె? రోజురోజుకు ఊపిరాడకపోవుడు.

పదోరోజు గాజులు పలగొట్టెతందుకు మొగడు సచ్చిన ముసలవ్వలు ఇద్దరొచ్చిండ్రు. నన్ను ఎవలు పట్టలే, గుంజలే. నేనే చేతులు సాపిన. ఆ అర్రలకెల్లి బయటవడాలె, గాలి గావాలె, గంతే. ఆ ఘడియల ఆయన నాకు యాదికే రాలే.

నాలుగు దినాలకు మల్ల టెలిగ్రాం. చేపలోల్ల గుడిసెల జరంతోని తెలివి లేక పన్నడట, పేరు చెప్పేటాల్లకు గిన్ని దినాలాయెనట. సచ్చినోడు తిరిగొస్తే మల్ల పుట్టినట్టేనని, ఆయన మల్ల పుస్తె కట్టేదాక గాజులేసుకోవద్దన్నడు అయ్యగారు. వచ్చినోడు నా ఉత్త చేతులు సూసిండు.

"బలిమిని పలగొట్టిండ్రా?" అన్నడు. "పడవల ఉన్నన్ని గంటలు ఒక్కటే అనుకున్న. లోకమంత ఏడ్సినా నువ్వు ఒప్పుకోవు, నీ మొండితనం నాకెర్కలేదా? గా మాట మీదనే బతికిన."

"ఔ, పట్టుకొని పలగొట్టిండ్రు" అన్న.

గంతే, అర్రకాడ కావలి ఉన్నది ఆమెనే అని కన్నతల్లి మీద పగవట్టిండు. "నా పెండ్లాం నమ్మలే, మా అవ్వనే పట్టిచ్చింది" అని ఇప్పటికి గూడ వచ్చినోల్లకు చెప్తడు. అత్త సచ్చేదాక ఆమె చేతి బువ్వ ముట్టలే.

నేను చేతులు సాపినప్పుడు అత్త గడపలనే ఉన్నది, కండ్లార సూసింది. కొడుకుతోని గా ముచ్చట ఒక్కనాడు గూడ అనలే.