వెనక రైలు, పక్కన చెవిటి ముసలాయన

నాకు డ్రమ్స్ వచ్చా, రావా అని వాళ్ళు అడగలేదు. అడిగింది ఒక్కటే: "అంకుల్, మీ ఇంటి పక్కన ఎవరుంటారు?"

బ్లాక్‌టౌన్‌లో ఈ పరాయి దేశానికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ బార్బెక్యూలో జరిగిందిది. అడిగినవాడు పాటగాడు, ముప్పై దాటని కుర్రాడు. గిటార్లు వాయించే ఇద్దరు స్నేహితులతో తెలుగు రాక్ బ్యాండ్ పెడుతున్నాడు. వాళ్ళ బాధ డ్రమ్మర్ దొరక్క కాదు, డ్రమ్స్ కొట్టే చోటు దొరక్క. మా వైపు కొత్త ఇళ్ళకి గోడకీ గోడకీ మధ్య జానెడు సందు. ఒకింట్లో తాలింపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటు లేదు" అని మా ఆవిడ అననే అంది.

మాది వీధిలో చివరి ఇల్లు. వెనక రైలు పట్టాలు, పక్కన ఒక చెవిటి ముసలాయన. ఆ మాట చెప్పగానే కుర్రాడి ముఖం చాటంత అయింది. "యూ ఆర్ ఇన్, అంకుల్!" అన్నాడు. నా ప్లేటులో కోడికాలు ఇంకా సగంలోనే ఉంది.

తెనాలి దగ్గర మా ఊరి చర్చిలో చిన్నప్పటి నుంచీ వాయించినవాణ్ణి. కనీసం ఒక్క దెబ్బ కొట్టించి చూడొద్దూ? ఒళ్ళు మండింది. వాడు నవ్వుతూ సర్దిచెప్పాడు. "ఫీల్ అవ్వకండి అంకుల్. ఓల్డ్ రాక్ బ్యాండ్స్ చాలావరకు అంతే. ఎవడి దగ్గర డ్రమ్స్ ఉంటే వాడే డ్రమ్మర్. వ్యాన్ కూడా ఉందంటే ఇంక క్వశ్చనే లేదు. తర్వాత వాళ్ళే లెజెండ్స్ అయ్యారు!"

సరే కానీ, వాయిస్తూ ఉంటే ఏదో ఒకరోజు వెనక్కి తిరిగి "భలే వాయించారు" అనకపోతారా అనుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. సెకండ్ హ్యాండ్ డ్రమ్స్ కొని గరాజ్‌లో పెట్టాను. కారు వీధిన పడింది.

ఏళ్ళ తరబడి శనివారం శనివారం మా గరాజ్ దద్దరిల్లింది. ముసలాయన కంచె అవతలి నుంచి చెవిమిషన్ తీసి చూపించి, నవ్వి, టమాటా మొక్కలకు నీళ్ళు పోసుకునేవాడు. మా ఆవిడ పకోడీలు వేసేది. పకోడీలు అదిరాయన్నారు, గరాజ్ బాగుందన్నారు, రైలు కూడా తాళంలోనే వెళ్తోందని జోకులేశారు. నా వాయింపు గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. చివరి పాట ముగింపు కోసం నేనొక ముక్క కట్టుకుని, ఒక్కణ్ణే సాధన చేసి పెట్టుకున్నాను. వాయించబోతే ప్రతిసారీ గిటార్ అడ్డొచ్చేది.

మొన్న చలికాలంలో ముసలాయన్ని వాళ్ళమ్మాయి నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లోకి మనవాళ్ళే దిగారు, నెలల పిల్లతో. ఆ తల్లి మా గుమ్మంలో నిలబడి, "సారీ అంకుల్, డ్రమ్స్ సౌండ్‌కి పాప ఉలిక్కిపడి లేస్తోంది. ఇంక రోజంతా ఏడుపే" అంది. తనే ఏడ్చేలా ఉంది. ఏమనగలను? "అలాగేనమ్మా, ఇంక వాయించను" అన్నాను.

పాటగాడికి చెప్తే "అయ్యయ్యో" అన్నాడు. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. "అంకుల్, ఒకబ్బాయి దొరికాడు. వాళ్ళకి ఊరి బయట పెద్ద షెడ్డుంది. బట్, డ్రమ్స్ లేవు. మీవి కాస్త..."

"ఎలా వాయిస్తాడు?" అని అడిగాను.

"నేర్చుకుంటాడు లెండి."

"కూరలో కరివేపాకు" అంది మా ఆవిడ. నేను ఇంతెత్తున లేచాను. ఆవిడ అన్నది నిజమని తెలిసే లేచాను.

ఇవ్వనని అనలేకపోయాను. అంటే గడిచిన ఆ శనివారాలు కూడా నావి కాకుండా పోతాయేమోనని భయం. పెద్ద కారు నాదే కాబట్టి డ్రమ్స్ షెడ్డుకి చేర్చిందీ నేనే, పోయిన నెల ప్రోగ్రాంకి షెడ్డు నుంచి హాలుకి తెచ్చిందీ నేనే. కొత్తబ్బాయి ఆఫీసులో ఇరుక్కుపోయాడట. "వాడొచ్చేలోగా మీరు కాసేపు కొట్టండంకుల్, మైకులు సెట్ చేసుకుంటాం" అన్నాడు పాటగాడు.

ఎదురుగా అన్నీ ఖాళీ కుర్చీలు. అంత పెద్ద స్పీకర్లలో నా దెబ్బ నేనెప్పుడూ వినలేదు. దాచుకున్న ముక్క మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా తొణక్కుండా వాయించాను. తలెత్తి చూస్తే పాటగాడు నావైపు వీపు పెట్టి సౌండ్ మిక్సర్ మీద వంగి ఉన్నాడు.

"చాలంకుల్" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "డ్రమ్స్ సూపర్‌గా ఉన్నాయి."

కొత్తబ్బాయి వచ్చి, నమస్తే అంకుల్ అని, స్టూలు ఎత్తు తనకు సరిపడా మార్చుకున్నాడు.

కార్లో మా ఆవిడ కూర్చుని ఉంది. "ఇందాక వాయించింది మీరే కదా, ఇక్కడికి వినిపించింది. ఏమన్నారు?"

"సూపర్ అన్నారు."

"మిమ్మల్నా, డ్రమ్స్‌నా?"

నేను తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను. ప్రోగ్రాం అయ్యాక డ్రమ్స్ మళ్ళీ షెడ్డుకి చేర్చాలి, కాబట్టి ఇంటికి పోయే దారీ లేదు. లోపల కూర్చోవడానికి మనసు రాలేదు. ఇద్దరం కార్లోనే ఉండిపోయాం. గోడ అవతల నా డ్రమ్స్ మోగాయి. చివరి పాటలో కొత్తబ్బాయి రెండుచోట్ల తాళం తప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.